ఒక్కరికి తప్ప

“అక్క ఆ ఫైలు తెరిచింది. ఎలా తెరిచింది?”

మేడమ్ తలుపు దగ్గరగా వేసి మరీ అడిగింది. ఎదురుగా ఒకతను నిలబడి ఉన్నాడు. పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఆ ఆఫీసుకి మేడమ్ పెద్ద, అక్కడి కంప్యూటర్లు చూసుకునేది అతనే. ఏ ఫైలు ఎవరు చూడాలో, ఎవరు దిద్దాలో అనుమతులిచ్చేదీ అతనే. అందుకే అందరూ తాళాలగుత్తి అని పిలుస్తారు.

“తెరవడానికి వీల్లేదు మేడమ్. అక్కకి తప్ప అందరికీ అని పెట్టాను కదా.”

“పెట్టావు, పాత సిస్టంలో. నిన్న ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి మార్చావుగా. అందులో కూడా పెట్టావా?”

తాళాలగుత్తి నాలిక కరుచుకున్నాడు.

తప్పెక్కడ జరిగిందో అప్పటికప్పుడు అర్థమైంది. పాత పద్ధతిలో ఫైళ్లు అందరికీ ఇచ్చేసి, ఫలానా మనిషికి మాత్రం వద్దు అని చెప్పే వీలుండేది. కొత్తదానికి ‘వద్దు’ అనడమే తెలియదు. ఎవరికి ఇవ్వాలో చెబితే వాళ్లకిస్తుంది, అంతే. రెండువేల పైచిలుకు ఫైళ్లకు అనుమతులు ఒక్క ఊపున మార్చేసి, మినహాయింపుల సంగతి తర్వాత చూద్దాంలే అని చేతులు దులుపుకున్నాడు. మినహాయింపులు మొత్తం మూడే. వాటిలో ఒకటి అక్కది.

అక్క ముప్ఫయ్యేళ్లుగా అక్కడ ప్రూఫులు దిద్దే పెద్దావిడ. ఆ రోజే ఆమెకు ఆఖరి రోజు. ఆ ఫైలు ఆమె వీడ్కోలు పుస్తకం. ఇరవై ఇద్దరి పేర్లు, ఒక్కో పేరు ఎదుట ఒక్కో గడి. అక్క గురించి ఎవరికి తోచింది వాళ్లు రాయాలి. చివరిరోజున అచ్చు పుస్తకంగా చేతిలో పెట్టాలని నెల్లాళ్లుగా అందరూ గుట్టుగా ఉన్నారు.

“సరేలే, ముందే చూసుకుంది. సంతోషపడే ఉంటుంది,” మేడమ్ మెత్తబడింది. “ఫైలు మూసేసి అచ్చుకి పంపించేశాను. ఎవరేం రాశారో నేనూ చదవలేదు. నాలుగింటికి హాల్లో అందరి ముందూ చదువుతా. వచ్చెయ్.”

ఆ ఇరవై రెండు గడుల్లో ఒకటి ఖాళీ. అది తాళాలగుత్తిదే.

రాయకూడదని కాదు. ఈ మార్పిడి పని అయ్యాక రాద్దాం, రేపు రాద్దాం అనుకుంటూనే నెల గడిపేశాడు. డ్రైవరు రాశాడు. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన ఎవరి చేతో రాయించాడు. పదేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు మాత్రం రాయలేదు. కొత్తలో అతను పొరపాటున చెరిపేసిన అధ్యాయాన్ని తన దగ్గరున్న కాగితాలు చూసి మళ్లీ టైపు చేసిచ్చి, ఎవరి చెవినా వెయ్యని మనిషి అక్క. ఆమె కోసం నాలుగు మాటలు రాయడానికి తీరిక లేకపోయింది తనకి. తన మీద తనకే అసహ్యం వేసింది.

బల్ల దగ్గరికి వచ్చి, ఆ ఫైలు ఎవరెంతసేపు తెరిచారో కంప్యూటర్లో చూశాడు. అక్క ఆ ఫైల్లో నలభై నిమిషాలుంది. ఇరవై ఒక్క గడులు చదవడానికి పది నిమిషాలు చాలు. మిగతా అరగంటా ఖాళీ గడినే చూస్తూ కూర్చుందేమో అనిపించింది. ఇంకేం చూడబుద్ధి కాలేదు. ఆమె అనుమతి తీసేశాడు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు!

పక్కనే అక్క సొరుగు ఖాళీ చేసుకుంటోంది.

“అక్కా, పొద్దున ఆ ఫైలు...”

“ఆఁ, చూశాన్రా.” ఎర్ర పెన్నులన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేస్తూ తలెత్తకుండానే అంది. “అందరూ బాగా రాశారు.”

“నేను మాత్రం...”

“నీకు ఈమధ్య పనెక్కువైందిలే.”

నాలుగు తిట్టినా బావుండేది. ఆ మాటతో అతనికి తల కొట్టేసినట్టయింది.

నాలుగింటికి మేడమ్ హాల్లో పుస్తకం తెరిచి ఒక్కొక్కరిదీ చదవసాగింది. డ్రైవరుది వింటూ అందరూ పడీ పడీ నవ్వారు. బొమ్మలు గీసే ఆయనది వింటూ కళ్లు తుడుచుకున్నారు. తాళాలగుత్తి వెనక వరసలో కూర్చుని లెక్కపెడుతున్నాడు. పదిహేడు, పద్దెనిమిది. పంతొమ్మిదోది అతనిది.

“ఇది మన తాళాలగుత్తిది,” అంది మేడమ్.

అతను లేచి నిలబడ్డాడు. అందరి ముందూ ఒప్పేసుకుంటే పీడ వదులుతుందనుకున్నాడు.

“మేడమ్, నేను అసలు...”

“కూర్చో బాబూ, సిగ్గెందుకు?” అని చదివింది. “‘అక్కా, నీ గురించి రాద్దామని రోజూ కూర్చున్నాను. ఏం రాసినా తక్కువే అనిపించి రోజూ లేచిపోయాను. వెళ్లిరా అని రాసేస్తే నువ్వు నిజంగానే వెళ్లిపోతావని భయం. అందుకే ఇన్నాళ్లూ ఈ గడి ఖాళీగా ఉంచేశాను.’”

హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. తాళాలగుత్తి మాత్రం కొయ్యబారిపోయాడు. అందులో ఒక్క మాటా తనది కాదు. రాద్దామని తను ఒక్కరోజైనా కూర్చున్నది లేదు. మరి ఎవరు రాశారు? మేడమా? ఆమే కళ్లొత్తుకుంటోంది. ఆ చప్పట్లు భరించలేక, తలవంచుకుని అక్క కుర్చీ దగ్గరికి వెళ్లాడు.

“నీ మీదొట్టు అక్కా, అది నేను రాయలేదు. ఒక్క ముక్క కూడా రాయలేదు. నన్ను క్షమించు.”

అక్క అతని చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“నాకు తెలీదట్రా? నువ్వు నాకిచ్చింది చూసే అనుమతి ఒక్కటే కాదు, రాసే అనుమతి కూడా.”