విన్నీ చివరి మాట

పోయిన మనిషి నోట లేని మాట పెట్టడం పాపమా, కాదా? పాతికేళ్ళుగా నాకు ఇదే సందేహం. ప్రతి ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. అబద్ధ సాక్ష్యం వద్దని ఆజ్ఞ ఉంది, నిజమే. కానీ అది పొరుగువాడికి కీడు చేసే అబద్ధం గురించి కదా. కాస్త ఊరటనిచ్చే అబద్ధం సంగతి ఎక్కడా రాసి ఉన్నట్టు నాకు కనపడలేదు.

విన్నీ, నేనూ ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఒకే నేతమిల్లులో పక్కపక్క మగ్గాల మీద పని. ఆ షెడ్డులో నాలుగొందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు సాగదీసి మెల్లగా కదిపితే, ఎదుటి మనిషి చూసి అర్థం చేసుకుంటుంది. షెడ్డు ఆ చివరా ఈ చివరా నిలబడి పోట్లాడుకున్న రోజులు కూడా ఉన్నాయి.

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరు చలికాలంలో విన్నీ నా దగ్గర 'పై' అనే వంటకం చేసే గిన్నె పట్టుకెళ్ళింది. మాంసం, బంగాళదుంపలు వేసి, మీద పిండి కప్పి పొయ్యిలో పెట్టే మట్టిగిన్నె. మా అమ్మది. నెల దాటినా తిరిగివ్వదు.

"ఏమే, నా గిన్నె ఇస్తావా, పోలీసుల్ని పంపమంటావా?" అన్నాను ఒకరోజు మగ్గం మీంచి, పెదాలతోనే.

"దానికి కాళ్ళు మొలుస్తున్నాయి, ఎల్సీ. మొలవగానే అదే నడిచొస్తుందిలే," అంది.

"పట్టుకుపోయేటప్పుడు మాత్రం నీ కాళ్ళు బాగానే పనిచేశాయి."

చుట్టుపక్కల మగ్గాల వాళ్ళంతా చూసి నవ్వారు. విన్నీ ముఖం ఎర్రబడింది. మరుసటి వారమే ఆమెకు కంఠసర్పి తగిలింది.

ఊరి బయట అంటురోగాల ఆసుపత్రిలో చేర్చారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. బయట నిలబడి కిటికీ అద్దంలోంచి చూసి పోవాలి. ఆమె భర్త క్లిఫ్ ఒక్కడే వెళ్ళలేక నన్ను తోడు రమ్మన్నాడు.

క్లిఫ్ బొగ్గు గనిలో మనిషి. మాట తక్కువ. మగ్గాల మోతకు చెవులు పోయిన తల్లి దగ్గర ఒక్కడే పెరిగాడు కాబట్టి అలా తయారయ్యాడని అనుకునేవాళ్ళం. మేం ఆడవాళ్ళం గడపల్లో నిలబడి, వీధికి అడ్డంగా అతని గురించే పెదాలతో చెప్పుకుంటున్నా, టోపీ సర్దుకుని తల దించుకుని పోయేవాడు.

ఆ రోజు వాన. నర్సు విన్నీని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. గొంతు ఎప్పుడో పోయింది. అద్దం అవతల ఆమె పెదాలు కష్టం మీద కదిలాయి.

"ఎల్సీకి గిన్నె ఇచ్చెయ్యి."

అంతే. కళ్ళు మూసుకుంది. నర్సు తెర లాగేసింది.

క్లిఫ్ కదల్లేదు. టోపీ అంచు మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఏమందని నన్ను అడగలేదు. గని మనిషికి మా పెదాల మాట ఏం తెలుస్తుంది? పదేళ్ళ కాపురానికి చివర మిగిలిన మాట ఒక గిన్నె గురించి. అదీ నేను నలుగురిలో దెప్పిన గిన్నె.

"నీ దగ్గర తనకు ఏ లోటూ జరగలేదంది, క్లిఫ్," అన్నాను.

అతను నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"అలా అందా?"

"అలాగే అంది."

"అయితే సరే," అని కళ్ళు తుడుచుకున్నాడు.

తెల్లారేసరికి విన్నీ లేదు.

ఆ మాటనే అతను సమాధి రాతి మీద చెక్కించాడు. 'ఏ లోటూ జరగలేదు.' చర్చికి పోవాలంటే ఆ రాతి పక్కనుంచే దారి. నేను తల తిప్పుకుని నడిచేదాన్ని.

అతను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. శనివారాలు ఇంకో గిన్నెలో ఆ 'పై' వంటకం చేసి పంపేదాన్ని. సోమవారం పొద్దునకల్లా శుభ్రంగా కడిగి మా గడప మీద పెట్టేవాడు. మా అమ్మ గిన్నె మాత్రం అతని వంటింట్లో ఎత్తయిన అరలో అలాగే ఉండిపోయింది. అడగడానికి నాకు నోరు రాలేదు. అడిగితే, దాచిన మాట నా నోటితో నేనే బయటపెట్టినట్టు ఉండేది.

మొన్న మార్చిలో మా వీధి మొత్తం పడగొడతామని మున్సిపాలిటీ నోటీసులిచ్చింది. నాకు ఊరికి ఈ చివర కొత్త ఫ్లాటు, అతనికి ఆ చివర. మధ్య రెండు బస్సులు మారాలి. పోయేలోగా నిజం చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

చివరి పొద్దున, పడగొట్టే ఇల్లే అయినా, అలవాటు మానలేక గడప కడిగి అంచుకు తెల్లరాయి రుద్దుతున్నాను.

"బుల్డోజరువాడు బూట్లు విప్పి లోపలికొస్తాడులే, ఎల్సీ," అన్నాడు క్లిఫ్ ఎదురు గడప నుంచి.

లేచి దగ్గరికి వెళ్ళాను. "క్లిఫ్, విన్నీ రాతి మీద ఆ మాట..."

"మంచి మాట. పాతికేళ్ళయినా ఒక్క అక్షరం చెరగలేదు," అన్నాడు.

నా ధైర్యం అక్కడితో సరి.

సామాను లారీ ఎక్కింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఇంజను మోత మొదలవగానే క్లిఫ్ గబగబా ఇంట్లోకి వెళ్ళి, పాత పేపరులో చుట్టిన మూట ఒకటి తెచ్చి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టాడు. వాన జల్లు పడుతోందని డ్రైవరు అద్దం పైకెత్తాడు.

పేపరు విప్పాను. మా అమ్మ గిన్నె. అంచున పెచ్చు ఊడిన చోటు కూడా అలాగే ఉంది.

తలెత్తి చూస్తే, అద్దం అవతల క్లిఫ్ గొంతు పెంచకుండా, అచ్చం మేం మగ్గాల దగ్గర చేసినట్టే పెదాలు సాగదీసి మెల్లగా కదిపాడు: "విన్నీ ఇచ్చెయ్యమందిగా, ఆ రోజు."