సెగ తగిలే కిటికీ

“ఇక్కడ పెడితే వేడిగాలంతా ఎదురింటి కిటికీలోకి పోద్ది సైమా ఆపా. గొడవైద్ది” అన్నాడు ఏసీ మెకానిక్ హబీబుల్లా.

“వేరే గోడ ఉందా మాకు?” అంది సైమా.

లేదు. నరసరావుపేటలో ఆ సందు అంతే. కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటికి తగులుతుంది.

“లేనప్పుడు అక్కడే బిగించు. ఎవరడిగినా నేను చెప్పుకుంటా.”

ఆమె పట్టుదల ఊరికే రాలేదు. నాపరాళ్ల క్వారీలో రాయి మీద పడి భర్త ముజాహిద్‌కు వెన్ను విరిగింది. మెడ కింద చలనం లేదు. చెమట కూడా పట్టదు.

“ఒంట్లో వేడి చేరితే బయటికి పోయే దారి లేదమ్మా. గది చల్లగా లేకపోతే ప్రాణానికే ముప్పు” అని డాక్టరు చెప్పాడు.

పోయిన వేసవిలో కూలరు చాలలేదు. ఈసారి ఏసీ పెట్టించి తీరాలనుకుంది. పెట్టిస్తోంది.

బిగిస్తున్నంతసేపూ ముజాహిద్ మంచాన్ని వరండాలో వేశారు. ఎదురు గదిలో కొత్తగా అద్దెకు దిగిన ముసలాయన కిటికీ దగ్గర నిలబడి అతన్నే చూస్తున్నాడు.

“పెద్దాయనా, వేడిగాలి కొడతది. కాస్త సర్దుకోవాల!” అంది సైమా, పని చేసుకుంటూనే.

ఆయన ఉలకలేదు, పలకలేదు.

“చానా పొగరు” అనుకుంది.

ఏసీ నడిచింది. సెగ సూటిగా ఎదురు కిటికీకి కొట్టింది. ఇంకెవరైనా అయితే తలుపులు మూసుకుంటారు. ఆయన రెండు రెక్కలూ బార్లా తెరిచి, మంచం కిటికీ పక్కకు జరుపుకుని మరీ కూర్చున్నాడు.

“చూశావా, కావాలని కూర్చున్నాడు. రేపు పదిమందిని పిలిచి పంచాయితీ పెడతాడు” అంది సైమా.

“పెట్టే మనిషిలా లేడు. ఆ చేతులు చూడు, రాయి కొట్టిన చేతులు” అన్నాడు ముజాహిద్.

“ఆయన చేతులతో నాకేం పని? ఏసీ ఆగకూడదు, అంతే.”

పొద్దున్నే భర్తకు తినిపించి, తలుపు దగ్గరగా వేసి, బజార్లో టైలరింగ్ షాపుకు వెళ్లేది. సాయంత్రం వచ్చేసరికి గది చల్లగా ఉండేది. ఆ చల్లదనం తగిలితే గానీ ఆమె గుండె కుదుటపడేది కాదు.

“మధ్యాహ్నం కరెంటు పోతంది. కానీ ఎంతోసేపు కాదులే, ఎంటనే వస్తంది” అనేవాడు ముజాహిద్.

ఒకరోజు మధ్యాహ్నం, మర్చిపోయిన జాకెట్టు గుడ్డ కోసం ఇంటికొచ్చింది. ఏసీ చప్పుడు లేదు. వరండాలో మీటరు దగ్గర ముసలాయన ఉన్నాడు. చెయ్యి మెయిన్ స్విచ్ మీద ఉంది.

“ఏందయ్యా ఆ పని?”

తిరిగి చూడలేదు. స్విచ్ పైకెత్తాడు. లోపల ఫ్యాను తిరిగింది.

సైమా వెళ్లి భుజం పట్టి లాగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“గాలి... గాలమ్మా!” అని గట్టిగా అంటూ తన కిటికీ చూపించి, అరచేత్తో చెంప తడుముకున్నాడు.

“సెగ కొడితే కిటికీ మూసుకో! కదల్లేని మనిషి గదికి కరెంటు తీసేస్తావా? నువ్వసలు మనిషివేనా?”

సందంతా పోగైంది. తలా ఒక మాట అన్నారు. ఆయన అందరి మొహాల వంకా చూశాడు గానీ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆ గదికి తాళం వేసి ఉంది.

“పీడ పోయింది” అంది సైమా.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గది కుంపటిలా ఉంది. ముజాహిద్ ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే పలకలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. నర్సులతో పాటు తానూ తడిగుడ్డలు మారుస్తూనే కూర్చుంది.

“నిన్ను పోనిస్తానా? పోనివ్వను” అంటూనే ఉంది.

పోనివ్వలేదు.

“కరెంటు పోయింది. ఎప్పట్లాగే వస్తదని చూశా. రాలే” అన్నాడు ముజాహిద్, కళ్లు తెరిచాక.

ఆ రోజు సందులో ఎవరింట్లోనూ కరెంటు పోలేదు.

హబీబుల్లా వచ్చి మీటరు బోర్డు విప్పాడు.

“మెయిన్ స్విచ్ పాతది ఆపా, ఏసీ లోడు మొయ్యదు. ఎండెక్కేసరికి దానంతటదే పడిపోతంది. అప్పుడే నేను చూడాల్సింది. అవునూ, ఇన్నాళ్లూ పడ్డప్పుడల్లా ఎవరెత్తుతున్నారు?”

సైమా తల తిప్పి మూసి ఉన్న ఎదురు కిటికీ వంక చూసింది.

స్విచ్ మార్పించింది. వైరు మందంది వేయించింది. ఏసీ మళ్లీ నడిచింది. ఎదురు కిటికీ మాత్రం మూసే ఉంది.

ఖాళీ అయిన గది చూసుకోవడానికి ఎదురింటి యజమానురాలు ఫిలోమినా శావల్యాపురం నుంచి వచ్చిందని తెలియగానే సైమా ఆ గదికి పరుగున వెళ్లింది.

“అక్కా, ఆ పెద్దాయన ఏ ఊరెళ్లాడు? కాళ్లు పట్టుకోవాల.”

“పిచ్చయ్య గురించా? ఏ ఊరో చెప్పలేదే. తాళం చెవి పక్కింట్లో ఇచ్చి పోయాడు. ఫోను కూడా లేదు. ఉన్నా ఏం చేసుకుంటాడు? క్వారీలో మందు పేలి రెండు చెవులూ పోయినయి. నెత్తిన పిడుగు పడ్డా వినపడదు.”

“వినపడదా?” అంది సైమా. “మరి మా ఏసీ ఆగినట్టు ఎట్టా తెలిసేది?”

“ఏమోనే. అద్దె కోసం నేనొచ్చినప్పుడల్లా కిటికీ మూసుకోవయ్యా, ఉడికిపోతావని చెయ్యూపి చెప్పేదాన్ని. తల అడ్డంగా ఊపేవాడు.”

సైమా ఆ గది కిటికీ తెరిచి, దానికి ఆనుకుని ఉన్న మంచం మీద కూర్చుంది. ఎదురుగా గోడ మీద తమ ఏసీ మిషను ఆడుతోంది. సెగ వచ్చి చెంపకు తగిలింది.

చెవులు వినపడని ఆ మనిషి, ఆ సెగ ఆగిన క్షణం తెలియడం కోసమే, ఇన్ని రోజులూ తన చెంపను అక్కడ పెట్టుకుని కూర్చున్నాడు.