సోఫాలో నా చోటు

పేరుమోసిన సొరచేప సినిమాకు నకలుగా తీసిన ఆ చవక సినిమా అంటే మా ఇద్దరికీ ప్రాణం. అందులో సొరచేప పొట్ట కింద కుట్టు కనబడుతుంది. "గా గుడ్డ మన సాంచాలల నేసిందే!" అని మా ఆయన కాశీనాథ్ ప్రతిసారీ మురిసిపోతాడు.

ఆ రాత్రి నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటే, నన్ను పిలవకుండానే సినిమా పెట్టాడు. కింది అంతస్తులో బట్ట నేసే సాంచాలు దడదడలాడుతున్నా ఆయన నవ్వు నాదాకా వచ్చింది. దాని పక్కనే ఒక ఆడ నవ్వు. నా మాటలకు ఆయన ఏనాడూ అంతగా నవ్వి ఎరగడు.

"చూడు చూడు, ఇప్పుడు వాని కాలు తింటది," అంటున్నాడు ఎవరితోనో.

సబ్బు చేతులతోనే గుమ్మంలోకి వెళ్లాను. సోఫాలో ఆయన ఒక్కడే ఉన్నాడు.

"ఎవరితోని ముచ్చట?"

నన్ను చూశాడు. తన పక్కన చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"నువ్వే గదనే... సినిమా షురూ అయినప్పటి సంది ఈడనే కూసున్నవ్."

అంతలో కరెంటు పోయింది. టీవీతో పాటు వీధిలోని సాంచాలన్నీ ఆగిపోయాయి. భివండీలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. చీకట్లోనే ఆయన ఒక్క దూకు దూకి, నా వెనక చేరి కొంగు పట్టుకున్నాడు.

నేనూ భయపడాల్సిందే. కానీ అది నా చోటు. కొంగు వదలని ఆయన్ని వెంటేసుకుని, తడుముకుంటూ సోఫా దగ్గరికి వెళ్లాను.

"జర జరుగు," అన్నాను కోపంగా.

స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఎవరో జరిగి, నాకు సరిపడా చోటిచ్చారు.