మందారం పక్కన తేనెపిట్ట

మందారం మీద వాలిన మగ తేనెపిట్టని చూసి ఇంటావిడ, "అదిగో హమ్మింగ్‌బర్డ్! గాల్లో నిలబడి తేనె తాగుతుందట!" అంటూ ఫొటో తీయడానికి ఫోనెత్తింది.

పిట్టాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"కొమ్మ మీద కూర్చుని తాగేవాడివి, నీకెందుకయ్యా ఆ వేషాలు? పిల్లలు ఆకలితో నోళ్లు తెరిచారు, పురుగు పట్టుకురా," అంది గూట్లోంచి పెళ్లాం.

వింటేనా! రెక్కలు టపటపా కొట్టుకుంటూ, కళ్లు తేలేసి, రెండు క్షణాలు గాల్లో నిలబడ్డాడు. ఫోను క్లిక్కుమంది. మరుక్షణం దబ్బున నీళ్లతొట్టిలో పడ్డాడు.

తడిసిన ఈకలతోనే కిటికీ దగ్గరికెళ్లి చెవులు రిక్కించాడు.

"పిట్ట మసక మసగ్గా పడింది గానీ, పువ్వు భలే వచ్చింది," అంటోంది ఇంటావిడ.

గూటికి చేరగానే పెళ్లాం అడిగింది: "పురుగేదీ?"

"దొరకలేదే," అన్నాడు ఈకలు దులుపుకుంటూ. "మందారానికి ఫొటో తీయించి వచ్చా."