టక్కుమన్న చప్పుడు

ఏలూరు షెడ్డులో, నుజ్జయిన కొత్త కారు ముందు పురోహితుడు దత్తాత్రేయులు గారు నిలబడ్డారు. కొల్లేటికోట దారిలో అది బోల్తాపడి, కూతురు శ్రీహిత పోయి పదిహేను రోజులైంది.

“మా అమ్మాయి బెల్టు పెట్టుకోలేదని పోలీసు కాగితాల్లో రాశారండీ. అబద్ధం! మా గుమ్మం ముందు బయల్దేరుతుంటే టక్కుమన్న చప్పుడు నా చెవులారా విన్నాను. ఆ బెల్టులోనే లోపం ఉంది. చూసి చెప్పండి.”

మెకానిక్ రాజకుమార్ సీటు పక్కనున్న బకిల్ మరలు విప్పాడు.

“మీ మాట నిజమేనండీ. పెట్టుకున్నారు. కానీ లోపల కొక్కెం పూర్తిగా పట్టలేదు. అడుగున ఏదో అడ్డుపడింది.”

“చూశారా! నేను చెప్పలేదూ?” ఆయన గొంతు పెద్దదైంది.

రాజకుమార్ బకిల్‌ని అరచేతిలో బోర్లించి తట్టాడు. మూడు పసుపు బియ్యపు గింజలు రాలాయి.

“అక్షింతలండీ. కొత్త కారు కదా, ఎవరో...”

దత్తాత్రేయులు గారు చెయ్యి చాపారు.

“ఇటివ్వండి బాబూ, అవి నావే. బెల్టు పెట్టుకోబోతుంటే ‘ఉండమ్మా’ అని ఆపి, నిండు నూరేళ్లు బతకమని నెత్తిన వేశాను.”