మొదటి కోత

మరోదా ఊరు దాటాక, మూతపడిన గని నుంచి తవ్విపోసిన మట్టి దిబ్బ ఒకటుంది. దాని మీద తుమ్మ కూడా మొలవదనేవారు. దుర్గాదేవి, పక్కింటి లక్ష్మీప్రసాద్ రెండేళ్లపాటు దాని మీదికి పేడ, ఆకుచెత్త, కుళ్లిన వరిగడ్డి తోలారు. ఈ వానలకు పశుగ్రాసం నడుమెత్తు లేచింది.

మొదటి కోత రోజున లక్ష్మీప్రసాద్ మోపులన్నీ ఆమె ఆటోలోకే ఎక్కించాడు.

“నీకు చూడి గేదె ఉంది కదా చెల్లెమ్మా. ముందు నీ పశువుల్ని తిననీ. మావాటికి తర్వాత చూద్దాం.”

సొంత అన్నయినా ఇంత చెయ్యడనుకుంది దుర్గాదేవి. ఆమెకు కళ్లు చెమర్చాయి.

గేదె ఈనాక ఆమె జున్ను వండి, గిన్నె పట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. పాకలో ఆయన ఆవులు ఎండుగడ్డి నములుతున్నాయి. సుపేలా బజారులో కొని తెచ్చిన గడ్డి.

“ఇదేటన్నయ్యా? మన దిబ్బ మీద అంత పచ్చగడ్డుంటే కొని ఏస్తన్నావేటి?”

లక్ష్మీప్రసాద్ గిన్నె అందుకుని, మూతయినా తియ్యకుండా అరుగు మీద పెట్టాడు.

“కోప్పడకు చెల్లెమ్మా. ఖదాన్ లోంచి తవ్విన మట్టి కదా, గడ్డిలోకి ఏటి దిగిందో ఎవులికి తెలుసు? నీ గేదె తిని, దూడా బాగుంటే అప్పుడు మావాటికి ఏద్దామని ఆగినాను.”

“మరి ఈ జున్ను?”

“మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు” అన్నాడాయన తల దించుకుని.

దుర్గాదేవి గిన్నె వెనక్కి తీసుకుంది.

“మా ఇంట్లో లేరా అన్నయ్యా? పొద్దున్న నా మనవరాలు అడిగి మరీ రెండుసార్లు పెట్టించుకుంది.”