వరదలో గంగాళం

"ఆంటీకి కొరియా భాష సరిగ్గా రాదు టీచర్!"

రెండో తరగతి పిల్లలంతా గొల్లున నవ్వారు. అన్నది ముందు వరసలో కూర్చున్న సోదమ్. అంతటితో ఊరుకోకుండా, కథ చెప్పడానికొచ్చిన థామ్ యాసను అచ్చు గుద్దినట్టు అనుకరించింది కూడా.

"సోదమ్! తప్పు కదూ?" అంది యూన్ టీచర్.

"పోన్లెండి టీచర్. నా యాస భలే పట్టేసింది" అని నవ్వింది థామ్.

కొరియాలోని ఆ పల్లెటూళ్లో సగంమంది కోడళ్లు వియత్నాం నుంచో, ఫిలిప్పీన్స్ నుంచో వచ్చినవాళ్లే. వాళ్ల కథలు పాఠ్యపుస్తకాల్లో లేవని, ఇళ్లలో చెప్పుకునే కథలనే పాఠాలుగా చెప్పిస్తోంది యూన్ టీచర్. ఆ మాట విని, తనూ ఒక కథ చెప్తానని థామే ఫోన్ చేసింది. సాక్సుల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, పక్క పట్నం నుంచి బస్సులు మారి వచ్చింది.

"మా అమ్మ మీ అంత ఉన్నప్పుడు వియత్నాంలో మా ఊరికి వరదొచ్చింది. మంచాలు మునిగాయి. బాతులు అటకెక్కాయి. మా అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? అన్నం వండే గంగాళంలో మా అమ్మని కూర్చోబెట్టి నీళ్లలోకి తోసింది. 'నన్ను వండేస్తున్నావా అమ్మా?' అని ఒకటే ఏడుపు!"

సోదమ్ పకపకా నవ్వింది. ఠక్కున ఆగింది.

"మరి మీ అమ్మమ్మ గంగాళం వదిలేస్తే?"

థామ్ వంగి సోదమ్ కళ్లలోకి చూసింది.

"వదల్లేదమ్మా. వరదే లాక్కుపోయింది. ఆవిడ వెనకాలే ఈదుకుంటూ వెళ్లింది."

"దొరికిందా?"

"దొరక్కపోతే నేనెక్కణ్ణించి వస్తాను?"

మళ్లీ నవ్వులు.

"ఈ కథ మీరెవరికి చెప్తారాంటీ?" ఇంకో పాప అడిగింది.

"మా అమ్మాయికి."

"తనకి నచ్చిందా?"

"నవ్వింది" అంది థామ్.

గంట మోగింది. సోదమ్ పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చేవారం కూడా వస్తారా?"

"రాలేనమ్మా."

"ఫ్యాక్టరీలో సెలవివ్వరా?"

"ఇవ్వరు."

"అయితే మానెయ్యండి ఆ ఫ్యాక్టరీ!" అంది సోదమ్. అంతలోనే కిటికీలోంచి చూసి, "చెయ్యి వదలండాంటీ, నానమ్మొచ్చింది" అంది.

థామ్ వదిలింది.

గేటు దగ్గర సోదమ్ నానమ్మ మనవరాలి సంచీ అందుకుని, థామ్‌ను చూసి మొహం తిప్పుకుంది. థామ్ నడుం వంచి దణ్ణం పెట్టి, బస్టాపు వైపు నడిచింది.

విడాకులప్పుడు పాలు తాగే పిల్లని లాక్కున్న ఆ ముసలావిడ ఈ ఒక్క గంటకి ఒప్పుకున్నది, సోదమ్‌కి తను కన్నతల్లినని చెప్పనని థామ్ మాటిచ్చాకే.